చెవి నొప్పి అంటే ఆగే శిక్షకుడు

వ్యాఖ్యాత: విజయవాడ స్టూడియోలో ఈరోజు మనతో స్కూబా డైవింగ్, అంటే సిలిండరులోని గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదడం నేర్పే శిక్షకులు ఒకరు ఉన్నారు. గుంటూరు నుంచి ఫోను వచ్చింది. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ, బ్రాడీపేట నుంచి మాట్లాడుతున్నాను. మా అమ్మాయి అండమాన్‌లో స్కూబా నేర్చుకుంటానంటోంది. నాకేమో భయం. రెండేళ్ల క్రితం నేనూ ఒకచోట సముద్రంలో దిగాను. పడవలోనే అయిదు నిమిషాలు ఏదో చెప్పి దింపేశారు. రెండు నిలువుల లోతుకే చెవిలో సూది గుచ్చినట్టయింది. తల అడ్డంగా ఊపుతున్నా అక్కడి శిక్షకుడు నా చెయ్యి పట్టుకుని కిందికే తీసుకెళ్లారు. పది రోజులు ఆ చెవి సరిగా వినపడలేదు.

శిక్షకుడు: వింటుంటేనే బాధగా ఉందమ్మా. తప్పు మీది కాదు. పది మీటర్లు దిగేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది, అది కర్ణభేరిని లోపలికి నొక్కుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదుతూ దిగాలి, అదీ నొప్పి రాకముందే. వచ్చిందా, కొంచెం పైకి రావాలి. తగ్గకపోతే ఆ రోజుకు మానుకోవాలి.

శ్రోత: పైకి వెళదామని చెప్పడమెలాగో నాకు తెలియలేదండీ.

శిక్షకుడు: సైగలు నేర్పకుండా దింపడమంటే నోరు కట్టేసి దింపడమే! అరచెయ్యి అటూ ఇటూ ఊపి చెవి చూపిస్తే అక్కడ ఇబ్బంది అని. బొటనవేలు ఎత్తితే పైకి పోదామని, బాగుందని కాదు. బాగుందనడానికి చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి.

వ్యాఖ్యాత: మరి అమ్మాయి ఏం చూసుకోవాలి?

శిక్షకుడు: శిక్షకుడు తనను ఏం అడుగుతాడో చూసుకోవాలి. ఉబ్బసం ఉందా, చెవికి ఆపరేషన్ అయిందా అన్న ఆరోగ్య పత్రం చదవకుండా సంతకం పెట్టమంటే లేచి వచ్చేయమనండి. డైవింగ్ శిక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ పాడీ నిబంధనల్లో పరిచయ డైవ్‌కు 12 మీటర్లు, ఓపెన్ వాటర్ అనే తొలి కోర్సుకు 18 మీటర్లే హద్దు. ఇంకా లోతు చూపిస్తానని ఊరించేవాడిని నేను నమ్మను. ఊపిరి బిగబట్టవద్దని పదేపదే చెప్పేవాడు కావాలి. పది మీటర్ల లోతులో పీల్చిన గాలిని బిగబట్టి పైకొస్తే అది రెండింతలు వ్యాకోచిస్తుంది, ఊపిరితిత్తులు చిట్లవచ్చు.

శ్రోత: సాయంత్రం చివరి డైవ్, మర్నాడు పొద్దున్నే విమానమండీ.

శిక్షకుడు: వద్దమ్మా. వరుసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు ఆగాలి. తిరుగు ప్రయాణం ఎప్పుడని వాళ్లు అడగలేదా?

శ్రోత: అడగలేదండీ.

శిక్షకుడు: అయితే టికెట్‌తోపాటు శిక్షకుణ్ణి కూడా మార్చుకోమనండి. మీ చెవి ఇంకా దిబ్బడగా ఉంటే డాక్టరుకు చూపించండి.

శ్రోత: ఈ రాత్రికే దానితో మాట్లాడతానండీ.