జాడను వెనక్కి చదవడం

సభకు వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు, తెల్లవారకముందే తమ పెంటల నుంచి బయలుదేరి ఇంత దూరం వచ్చిన చెంచు పెద్దలకు నమస్కారం. నల్లమలలో చెంచుగూడేన్ని పెంట అంటారని ఇక్కడున్న చాలామందికి తెలుసు. పట్నం నుంచి వచ్చిన పిల్లలు ఆ మాట విని నవ్వుకోకూడదని ముందే చెబుతున్నాను.

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే: పులి అడుగును ఎలా గుర్తుపట్టాలి? జవాబు చెబుతాను. అయితే అడవిలో పిల్లలకు జాడలు చదవడం నేర్పేటప్పుడు జంతువు పేరు చెప్పడం చిట్టచివరి పనిగా ఉండాలన్నది ఇన్నేళ్ళలో నాకు కలిగిన అభిప్రాయం. పేరు చెప్పేసిన మరుక్షణం పిల్లవాడు నేలవైపు చూడటం మానేసి ఫోన్ తీస్తాడు. పేరు చెప్పకుండా ఊరుకుంటే ఆ అడుగు దగ్గర అరగంటసేపు కూర్చుంటాడు.

ఈ సంగతి నాకు సులువుగా తెలియలేదు. విద్యార్థులను అడవికి తీసుకువెళ్ళడం మొదలుపెట్టిన తొలి ఏడాది, రాత్రి చిన్న జల్లు పడిన మర్నాడు, బండిబాట పక్క బురదలో అరచేయంత అడుగు ఒకటి కనిపించింది. ఇది చిరుతపులిదని నేను ఇరవైమంది పిల్లల ముందు గట్టిగా ప్రకటించి, చుట్టూ పుల్లలు పాతి, పక్కన స్కేలు పెట్టి ఫోటోలు కూడా తీయించాను. మాకు దారి చూపడానికి వచ్చిన చెంచు పెద్దాయన అంతసేపూ ఏమీ మాట్లాడలేదు. పిల్లలు ముందుకు నడిచాక దగ్గరికి వచ్చి, వేళ్ళ కొసల ముందు సన్నగా గుచ్చుకున్న గోటి గుర్తులను పుల్లతో చూపించి, “సారూ, మీ చిరుత రాత్రి మా గుడిసె ముందే పడుకుంది, పొద్దున గంజి కూడా తాగింది” అన్నాడు. జారుడు బురదలో వేళ్ళు విచ్చుకుని కుక్క అడుగు రెట్టింపు పెద్దదిగా కనిపించింది, అంతే. నేను చూసింది పరిమాణాన్ని, ఆయన చూసింది ఆకారాన్ని. పిల్లలందరి ముందు నా పరువు తీయకుండా విడిగా చెప్పిన ఆయన మర్యాదను కూడా నేను ఆ రోజు నుంచి పాఠంగానే పెట్టుకున్నాను.

ఆకారం సంగతికి వస్తే, దాన్ని నేర్చుకోవడానికి నల్లమల దాకా వెళ్ళనక్కరలేదు. పులి అడుగుకు చిన్న నమూనా మన వంటింటి గుమ్మం దగ్గర తిరిగే పిల్లి అడుగే. పిల్లి జాతికి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుని ఉంటాయి కనుక నేలమీద సాధారణంగా గోటి గుర్తు పడదు. నాలుగు వేళ్ళలో ఒకటి మన నడిమి వేలిలాగా కాస్త ముందుకు ఉంటుంది కాబట్టి అడుగును చూసి అది కుడికాలో ఎడమకాలో చెప్పవచ్చు. వేళ్ళ వెనకనుండే మెత్త పెద్దదిగా ఉండి, దాని వెనక అంచు మూడు తమ్మెలుగా కనిపిస్తుంది. కుక్క అడుగులో ముందరి రెండు వేళ్ళూ జంటగా సమానంగా నిలుస్తాయి, మెత్త చిన్నదిగా ఉంటుంది, గోళ్ళు గుచ్చుకుంటాయి. రేసుకుక్క, నక్క, తోడేలు ఈ పోలికలోకే వస్తాయి. దుమ్ములగొండికి కూడా గోళ్ళు పడతాయి గానీ దాని ముందుకాళ్ళ అడుగులు వెనక కాళ్ళవాటికన్నా స్పష్టంగా పెద్దవి. పిల్లినీ కుక్కనూ వేరుచేయగలిగిన పిల్లవాడికి పులిని నేర్పవలసిన పని చాలావరకు అయిపోయినట్టే.

అందుకని మా శిబిరాలన్నీ బడి ఆవరణలోనే మొదలవుతాయి. గోడవారగా ఒక మంచం పట్టేంత మేర సన్నని ఇసుక జల్లెడ పట్టి పరిచి, కాస్త తడిపి, పలకతో చదును చేసి, రాత్రికి వదిలేస్తాం. పొద్దున్నే వచ్చి చూస్తే అక్కడ గోరింక అడుగులు, కప్ప కూర్చున్న గుంట, రోకలిబండ పురుగు పాకిన సన్నని చారలు, తొండ తోక ఈడ్చుకుంటూ పోయిన గీత, వాటన్నిటి మీదుగా కాపలావాడి చెప్పులు కనిపిస్తాయి. ఏది ముందు వెళ్ళింది, ఏది తరవాత వెళ్ళింది అన్నదే అక్కడ నేను అడిగే మొదటి ప్రశ్న. చెప్పు అడుగు లోపల పురుగు చారలు ఉంటే కాపలావాడు ముందు నడిచినట్టు, పురుగు తరవాత పాకినట్టు. ఏడేళ్ళ పిల్లలు కూడా ఈ తర్కాన్ని ఇట్టే పట్టుకుంటారు. పెద్దలకే కొంచెం ఆలస్యమవుతుంది, ఎందుకంటే వాళ్ళకు పేరు కావాలి.

చూడవలసిన వేళ కూడా ముఖ్యం. ఎండ ఏటవాలుగా పడే పొద్దునా సాయంత్రమూ అడుగు అంచులకు నీడలు వస్తాయి. మిట్టమధ్యాహ్నం అదే అడుగు నేలలో కలిసిపోతుంది. అడుగుకు ఒకవైపు సూర్యుడు, రెండోవైపు మనం ఉండేటట్టు కూర్చోవాలి. ఎంతసేపటి క్రితందో అంచనా వేయడానికి మేము పక్కనే మా వేలితో ఒక గుర్తు నొక్కి, రెండింటి అంచులనూ పోల్చి చూస్తాం, గంట తరవాత మళ్ళీ చూస్తాం. గాలి అంచులను విరుస్తుంది, చీమలు లోపలి మట్టిని తోడేస్తాయి, వాన చినుకులు గుంటలు చేస్తాయి. రాత్రి పదింటికి జల్లు పడిందని మనకు తెలిసినప్పుడు, అడుగులో చినుకు గుంటలు లేకపోతే జంతువు ఆ తరవాతే వచ్చిందన్న మాట. గడియారం లేని కాలంలో ఇదే గడియారం.

గిట్టల జంతువుల దగ్గర పిల్లలు తడబడతారు, నేనూ ఇప్పటికీ తడబడతాను. అడవిపంది అడుగు వెనక మెత్తటి నేలలో రెండు చిన్న మడమ గిట్టలు కూడా పడతాయి, ఇది మంచి ఆనవాలు. చుక్కల దుప్పికీ కణుతికీ (సాంబరు) మధ్య తేడాను ఒక్క అడుగుతో తేల్చబోతే పొరపాటు జరుగుతుంది. నాలుగు గజాలు నడిచి అంగ పొడవును కొలవాలి. దీనికి మేము ఒక వెదురు కర్రకు రెండు రబ్బరు ఉంగరాలు తొడిగి వాడతాం: ఒక అడుగుకూ తరవాతి అడుగుకూ మధ్య దూరానికి ఉంగరాలను జరిపి పెట్టుకుంటే, ఆ పైన జాడ గడ్డిలో మాయమైనా తరవాతి అడుగు ఎక్కడ పడి ఉంటుందో కర్ర కొస చూపిస్తుంది. అడుగు లేనిచోట వేరే ఆనవాళ్ళు మాట్లాడతాయి. మనుబోతు (నీల్‌గాయ్) మళ్ళీమళ్ళీ ఒకే తావున పెంటికలు వేస్తుంది, నాలుగు కొమ్ముల కొండగొర్రెకూ ఆ అలవాటుంది. చెదలపుట్టను ఎలుగుబంటి తవ్విన గొయ్యిని ఒక్కసారి చూసినవారు మరచిపోరు. ఇప్పపూలు రాలే రోజుల్లో ఆ చెట్ల కింద, తునికి పండ్లు పండే రోజుల్లో దాని మలంలోని గింజల్లో ఎలుగు ఏం తిన్నదో ఏకరువు పెట్టినట్టు ఉంటుంది. దాని వెనక కాలి అడుగు మనిషి పాదాన్ని తలపిస్తుంది. ముందుకాలి గోళ్ళ గుర్తులు మాత్రం వేళ్ళకు చాలా ముందు పడతాయి. అవి తాజాగా కనిపిస్తే పాఠం అక్కడితో ఆపి వెనుదిరుగుతాం. ఆ విషయంలో వాదన లేదు.

ఇక్కడ పులుల లెక్క గురించి కొంచెం విస్తరంగా చెప్పాలి, ఎందుకంటే జాడ చదివే విద్యకు ఉన్న హద్దు ఎక్కడుందో మన దేశం ఆ లెక్కలోనే నేర్చుకుంది. 1966లో ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి పాదముద్రలతో పులులను లెక్కించే పద్ధతిని రూపొందించారు. ఖైరీ అనే ఆడపులిని ఇంట్లో పెంచిన పెద్దమనిషి ఆయనే. అడుగు మీద గాజు పలక ఉంచి, దాని అంచులను కలంతో గీసి, కాగితం మీదికి ఎత్తి, ఎడమ వెనక కాలి ముద్రలను పోల్చి, ఇది ఫలానా పులిది, ఇది ఇంకొకదానిది అని వేరుచేసేవారు. 1972లో జరిగిన తొలి దేశవ్యాప్త గణన ఈ దారిలోనే సాగింది. కానీ ఒకే పులి ఇసుకలో ఒకలా, దుమ్ములో ఇంకోలా, బురదలో మరోలా అడుగు వేస్తుంది. గీసే చేయి మారితే గీత కూడా మారుతుంది. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులున్నాయి, 2005 నాటికి అడవిలో ఒక్కటీ మిగలలేదని తేలింది. వేటగాళ్ళు ఊడ్చేసిన అడవిలో లెక్క మాత్రం నడుస్తూనే ఉంది. ఆ దెబ్బతో పద్ధతి మారింది. 2006 నుంచి ఒంటి చారలను పోల్చే కెమెరాలు, గణాంక శాస్త్రం వచ్చాయి. ఆ ఏడాది 1,411గా అంచనా వేసిన పులుల సంఖ్య 2022 గణనలో సగటు అంచనా ప్రకారం 3,682కు చేరింది.

అయితే పాదముద్ర పనికిరానిదని ఈ కథకు అర్థం తీయకూడదు. ఇవాళ్టికీ ఆ గణన మొదటి అంచె, బీటు గార్డు కాలినడకన తిరిగి అడుగులూ మలమూ గోటి గీతలూ నమోదు చేయడమే. పులి ఇక్కడ తిరుగుతోంది అని అడుగు చెప్పగలదు. ఏ పులి అని దానిచేత బలవంతంగా చెప్పించబోయినప్పుడే తప్పు జరిగింది. పిల్లలకు ఈ తేడా చెప్పినప్పుడు వాళ్ళ నోటుపుస్తకాల్లో ‘చూసింది’, ‘ఊహించింది’ అని రెండు వరసలు గీయించడం మొదలుపెట్టాను. రెండో వరస ఖాళీగా ఉన్న పుస్తకానికి నేను ఎన్నడూ తక్కువ మార్కులు వేయలేదు.

ఇక బుష్‌క్రాఫ్ట్ అని, అంటే అడవిలో దొరికిన వాటితోనే బతికే నేర్పు అని, ఈమధ్య వినవస్తున్న మాట గురించి. వీడియోలు చూసి వచ్చిన కుర్రవాళ్ళు పెద్ద కత్తి, గొడ్డలి కొనుక్కుని వస్తారు. చెట్టు నరికి గుడిసె వేసి, మంట రాజేసి, మాంసం కాల్చుకోవడమే అడవి బతుకు అన్నది వాళ్ళ ఊహ. శీతల దేశాల విశాలమైన అడవుల్లో పుట్టిన ఆ అలవాట్లను మన పులుల అభయారణ్యంలోకి తేవడం కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అక్కడ అడుగుపెట్టకూడదు, నిప్పు పెట్టకూడదు, రాలిన దుప్పి కొమ్మును కూడా ఇంటికి తెచ్చుకోకూడదు. వేసవిలో నల్లమల గడ్డి ఎంత తేలికగా అంటుకుంటుందో తెలిసినవాడెవడూ సరదాకు మంట వెయ్యడు. కాబట్టి చెకుముకి రాయి మీద ఉక్కు కొట్టి బూరుగు దూదికి నిప్పురవ్వ పట్టించడాన్ని మేము బడి మైదానంలో, పక్కన నీళ్ళ బకెట్టు పెట్టుకుని నేర్పుతాం. మోదుగ ఆకులతో విస్తరి కుట్టడం, మోదుగ వేరును దంచి నార తీసి తాడు పేనడం మా ఊరి పొలం గట్టు మీదే సాధ్యం. ఎండిన వాగు ఇసుకలో చెలమ తవ్వి, తేట నీరు ఊరేదాకా ఓపిక పట్టడం నా దృష్టిలో కత్తి పనికన్నా పెద్ద విద్య. నల్లమద్ది కాండంలో వేసవిలో నీరు నిలవ ఉంటుందని కొండరెడ్లకు తెలుసు. 2024లో పాపికొండల జాతీయ ఉద్యానవనంలో అధికారులు గాటు పెట్టి చూస్తే నీరు ధారకట్టింది. ఆ వార్త వచ్చాక పిల్లలు మద్దిచెట్టు చూపించమని వెంటపడ్డారు. బెరడు మొసలి వీపులా ఉండే ఆ చెట్టును చూపించాను, చేతులు వెనక్కి కట్టుకుని చూడమన్నాను.

ఈ విద్యలన్నిటికీ అసలు గురువులు వెనక వరసలో కూర్చున్నారు. చెంచులు కొండచరియల మీద తేనె తీయడానికి తాడు నిచ్చెన మీద దిగేటప్పుడు, పైన తాడు పట్టుకునేది బావమరిది. తన అక్కచెల్లెలి పసుపు కుంకుమలు ఆ తాడుకే వేలాడుతున్నాయి కదా, వదలడన్న నమ్మకం. ముడి వేయడం నేర్పే పుస్తకంలో ఈ పాఠం ఉండదు. టైగర్ రిజర్వులో కాపలాకూ జాడలు తీయడానికీ వాళ్ళే ఆధారమని అటవీ శాఖలో పనిచేసిన వారందరికీ తెలుసు. అయినా మన శిబిరాల్లో వాళ్ళను దారి చూపే కూలీలుగానే లెక్కేస్తున్నాం. దక్షిణాఫ్రికాలో లూయీ లీబెన్‌బర్గ్ కలహారి ఎడారి వేటగాళ్ళ దగ్గర నేర్చుకుని, చదువు రానివారు కూడా బొమ్మలు నొక్కి జాడలను నమోదు చేయగల సైబర్‌ట్రాకర్ అనే సాధనాన్ని తయారుచేశారు. జాడ తీసేవారి నేర్పును పరీక్షించి స్థాయి నిర్ణయించే పద్ధతీ ఆయనదే. సులువైన జాడను తప్పు చెబితే ఎక్కువ మార్కులు పోవడం అందులో నాకు నచ్చిన సంగతి. ఆ లెక్కన నా కుక్క అడుగుకు ఎంత పోయేదో ఊహించుకోండి. అటువంటి పరీక్ష నల్లమలకు వస్తే పరీక్షకులు పెంటల నుంచే రావాలి. అది వచ్చేలోగా కనీసం మనం శిబిరాల్లో వాళ్ళకు ఉపాధ్యాయుడికిచ్చే పారితోషికం ఇవ్వాలి, పిల్లలచేత గురువుగారూ అని పిలిపించాలి.

చివరగా మా శిబిరాల నియమం ఒకటి. అడవిలో తాజా జాడ దొరికినప్పుడు మేము దాని వెంట ముందుకు వెళ్ళం, వెనక్కి వెళ్తాం. ముందుకు వెళ్తే ఆ జంతువు మీదికి వెళ్ళినట్టు; దాన్ని బెదరగొడతాం, లేదా మనమే ప్రమాదంలో పడతాం. వెనక్కి చదివితే అది ఎక్కడ నీళ్ళు తాగింది, ఎక్కడ ఆగి వాసన చూసింది, ఏ పొదలో పడుకుని లేచింది అన్నదంతా దాని జోలికి పోకుండానే తెలుస్తుంది. నిరుడు ఒక దుప్పి జాడను ఇలా వెనక్కి చదువుతూ పిల్లలు మూడు గంటలలో నాలుగు వందల గజాలు మాత్రమే నడిచారు. దుప్పిని వాళ్ళు చూడలేదు. చూడలేదేమని ఎవరూ అడగనూ లేదు.

నిన్న సాయంత్రం ఈ హాలు వెనక వేపచెట్టు కింద ఇసుక పరిచి ఉంచాం. పొద్దున నేను తొంగిచూశాను, రాత్రి కనీసం మూడు ప్రాణులు దాటాయి, ఒకటి మధ్యలో ఆగి వెనక్కి తిరిగింది. అవేమిటో నేను చెప్పను. ఇంకో అరగంటలో ఎండ నిటారుగా వస్తే నీడలు పోతాయి కనుక, ప్రశ్నలేమైనా ఉంటే అక్కడే నేలమీద కూర్చుని మాట్లాడుకుందాం. చెప్పులు మాత్రం ఇక్కడే వదిలి రండి.