షుగర్‌కి పేగుల్లోని బ్యాక్టీరియాకి సంబంధం ఎంత?

నమస్కారం. "టైప్ 2 షుగర్‌కి అసలు కారణం పేగుల్లోని బ్యాక్టీరియానేనట, ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా ఉన్న మాత్ర, పొడి లాంటివి) వేసుకుంటే పోతుందట కదా?" ఈ ప్రశ్న ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఇందులో కొంత నిజం ఉంది. ఎంత నిజమో చూద్దాం.

మనం తినే పీచు అరగకుండానే పెద్దపేగు దాకా వెళ్తుంది. అక్కడ బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ అనే ఆమ్లం తయారుచేస్తుంది. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ముఖ్యమైన తిండి అదే. ఆ తిండి అందుతుంటే కణాల మధ్య అతుకులు గట్టిగా ఉంటాయి. అవి వదులైతే కొన్ని బ్యాక్టీరియా పైపొర ముక్కలు రక్తంలోకి జారతాయి. వాటి మీద శరీరం సన్నగా, ఆగకుండా పోరాడుతూనే ఉంటుంది. అలాంటప్పుడు ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదని ఎలుకల్లో 2007లోనే చూపించారు.

మరి మనుషుల్లో? 2012లో చైనాలో 345 మందిని పరిశీలిస్తే, షుగర్ ఉన్నవాళ్ళలో బ్యుటిరేట్ చేసే బ్యాక్టీరియా తక్కువగా కనిపించింది. అందరూ సంబరపడ్డారు. కానీ 2015లో ఒక చిక్కు బయటపడింది. షుగర్ ఉన్నవాళ్ళలో చాలామంది మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు కదా, ఆ బిళ్ళే పేగుల్లోని బ్యాక్టీరియాను మార్చేస్తోంది! జబ్బు గుర్తులనుకున్న వాటిలో కొన్ని మందు గుర్తులని తేలింది. బ్యుటిరేట్ చేసేవి తగ్గాయన్న మాట మాత్రం మందు వాడనివాళ్ళలో కూడా నిలబడింది.

నాకు ఇక్కడే అసలు విషయం కనిపిస్తుంది. మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో కడుపు ఉబ్బరం, విరేచనాలు చాలామందికి అనుభవమే. 2017లో మెట్‌ఫార్మిన్ వాడినవాళ్ళ మలంలోని బ్యాక్టీరియాను, అసలు బ్యాక్టీరియానే లేకుండా పెంచిన ఎలుకల్లోకి ఎక్కించారు. వాటి శరీరం గ్లూకోజ్‌ను మెరుగ్గా సర్దుకుంది. అంటే ఈ మందు చేసే మేలులో కొంత పేగుల ద్వారానే వస్తోందన్నమాట.

మరి మంచి బ్యాక్టీరియాను బయటినుంచి పంపితే సరిపోతుందా? నెదర్లాండ్స్‌లో సన్నగా ఉన్నవాళ్ళ మలాన్ని, బరువెక్కి ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని మగవాళ్ళ పేగుల్లోకి ఎక్కించారు. ఆరు వారాలకు ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. తర్వాతి ప్రయోగంలో పద్దెనిమిది వారాలకల్లా ఆ మేలు కనిపించలేదు. పాత బ్యాక్టీరియా మళ్ళీ తమ చోటు తాము పట్టేసింది.

2018లో చైనాలో వేరే దారి పట్టారు. షుగర్ ఉన్నవాళ్ళకు పన్నెండు వారాలు రకరకాల పీచు పెంచి పెట్టారు. బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు చేసే కొన్ని బ్యాక్టీరియా జాతులు పెరిగాయి. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే రక్తపరీక్ష) కూడా, అదే మందు వాడుతూ మామూలు తిండి తిన్నవాళ్ళకంటే బాగా తగ్గింది.

దయచేసి ఒక్క మాట వినండి. ప్రోబయోటిక్ డబ్బా కొనుక్కుని షుగర్ మాత్ర మానేయకండి. పీచు పెంచాలనుకుంటే కొద్దికొద్దిగా పెంచండి, ఒక్కసారిగా ఎక్కువైతే గ్యాస్‌తో ఇబ్బంది పడతారు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు తిండి మార్చేముందు డాక్టర్‌తో మాట్లాడండి, డోసు మార్చాల్సి రావచ్చు.