గండికోట లోయ, కావడి బరువు

అందరికీ నమస్కారం అండి, వెనకాల వాళ్ళకి వినపడుతోందా? సరే. పోయినసారి అందరూ ఏ లెన్స్ కొనాలి అనే అడిగారు, ఇవాళ ఆ గొడవ వద్దు, ఫోటోలో బరువు ఒకవైపే ఒరిగిపోకుండా తూకం ఎలా కుదర్చాలో చూద్దాం, చేతిలో ఫోన్ ఉంటే చాలు.

ముందు నా చెత్త ఫోటో ఒకటి చూడండి. గండికోట ఇది, జమ్మలమడుగు దగ్గర, పెన్నా ఎర్రమల కొండల్ని కోసుకుంటూ వెళ్ళే చోటు. మొదటిసారి చీకటితోనే లేచి వెళ్ళి రెండొందల ఫోటోలు కొట్టా, ఇంటికొచ్చి చూస్తే ఒక్కటీ నిలబడలేదు. అక్కడ అంచున నిలబడితే కాళ్ళు వణుకుతాయి కదా, ఫోటోలో చూస్తే ఏదో రోడ్డు పక్క గుంతలా ఉంది! ఎందుకంటే లోయ మొత్తం పట్టాలని వైడ్‌లో, అంటే ఎక్కువ వెడల్పు పట్టేలా, పెట్టేశా, వైడ్‌లో దూరంగా ఉన్నదంతా చిన్నగా పడుతుంది, దగ్గరున్నదే పెద్దగా పడుతుంది, నేనేమో దగ్గర ఏమీ పెట్టలేదు.

రెండోసారి మోకాళ్ళ మీద కూర్చుని ఒక ఎర్ర బండని ఎడమ మూల దగ్గరగా పెట్టా. లోతు వచ్చింది. కానీ ఇంకో తలనొప్పి, లోయ గోడ కూడా ఎడమవైపే, బండ కూడా ఎడమవైపే, కుడివైపు ఉత్త ఆకాశం, ఫోటో ఒరిగిపోతున్నట్టు ఉంది.

ఇక్కడే నాకు కావడి గుర్తొచ్చింది. కావడి మోసేవాళ్ళని చూశారా, ఒకవైపు కుండ బరువుగా ఉంటే రెండోవైపు ఇంకో కుండ వెతుక్కోరు, బద్దని కాస్త జరిపి బరువున్న వైపు భుజానికి దగ్గరగా తెచ్చుకుంటారు, తేలికది దూరంగా వేలాడుతుంది, సరిపోతుంది. ఫోటోలో భుజం అంటే మధ్య భాగం. నేను రెండడుగులు ఎడమకి జరిగా, బండ మధ్యకొచ్చింది, కుడివైపు చివర అవతలి అంచు మీద ఎవరో ఒకాయన నిలబడి ఉన్నాడు, చీమంత, అంతే, తూకం కుదిరిపోయింది. మనిషి ఎంత చిన్నగా ఉన్నా కన్ను ముందు అక్కడికే పోతుంది, అందుకే అంత బరువు. బాగా వెలుగున్న చోటు, ఎర్ర రంగు కూడా అంతే. (మూలలో మీ నీళ్ళ బాటిల్ పడినా అంతే, చూసుకోండి.)

గ్రిడ్ గీతలు, మూడో వంతు రూల్ (తెరని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద పెట్టడం) చాలామందికి తెలిసిందే, కొత్తలో మంచిదే, కానీ పెన్నాలో నీళ్ళు కదలకుండా ఉండి కొండ అద్దంలో లాగా కనపడుతుంటే హొరైజన్‌ని, అంటే నేలా ఆకాశం కలిసే గీతని, నడిమధ్యలో పెట్టండి, ఎవరూ జైల్లో పెట్టరు. వంకరగా మాత్రం పెట్టకండి. అక్కడ రాళ్ళు పొరలు పొరలుగా పేర్చినట్టు ఉంటాయి కాబట్టి కాస్త వాలినా పట్టేస్తారు.

తీసే ముందు కళ్ళు సగం మూసి చూడండి, వివరాలు పోయి నలుపు తెలుపు ముద్దలే మిగులుతాయి, ఏ ముద్ద ఎటు లాగుతోందో అప్పుడు తెలుస్తుంది. అంచు దగ్గర మాత్రం రెండు కళ్ళూ తెరిచే నడవండి బాబూ.

సరే, ఇప్పుడు మీ ఫోన్లో ఒక ఫోటో తీసి, తలకిందులు చేసి పక్కవాళ్ళకివ్వండి. ఏవైపు బరువెక్కిందో వాళ్ళు చెప్తారు, పోట్లాడకండి.