దిద్దిన కాగితం వెనక్కి రావాలి

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినవాళ్లు ఇచ్చిన అంశం ‘దూరవిద్య ద్వారా గ్రామీణ యువతకు విశ్వవిద్యాలయ చదువు’. చాలా పెద్దది. నేను అందులో ఒక చిన్న ముక్కే పట్టుకుంటాను. ఊళ్లో ఉండి చదివే పిల్లో పిల్లాడో అసైన్‌మెంట్ రాసి మన స్టడీ సెంటర్‌లో ఇచ్చి వెళ్తారు కదా, ఆ తర్వాత ఆ కాగితాల గతి ఏమిటి? ఈ ఒక్కదాని మీదే మాట్లాడతాను. విసుగొస్తే క్షమించండి.

కాలేజీ మెట్లు ఎక్కనివాళ్లకి డిగ్రీ ఇవ్వొచ్చా అన్న వాదన ఎప్పుడో తీరిపోయింది. ఎక్కడ చదివినా సరే, వచ్చి పరీక్ష రాయండని లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే చెప్పింది. నెల్సన్ మండేలా జైల్లో ఉండగానే 1989లో దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం నుంచి ఎల్‌ఎల్‌బీ తెచ్చుకున్నారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో కరస్పాండెన్స్ కోర్సులు పెట్టింది. దేశంలో మొదటి సార్వత్రిక (ఓపెన్) విశ్వవిద్యాలయం 1982లో తెలుగు నేల మీదే పుట్టింది, ఇప్పుడు దానికి అంబేడ్కర్ పేరుంది. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారే 1985లో జాతీయ స్థాయి సార్వత్రిక విశ్వవిద్యాలయమైన ఇగ్నోకీ మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. బడి మధ్యలో మానేసినవాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి ఇక్కడ వేశారు. అప్పట్లో అది మామూలు సాహసం కాదు.

చేర్చుకోవడం మనకి చేతనైంది. చేరినవాళ్లని చివరిదాకా నిలబెట్టుకోవడం దగ్గరే తడబడుతున్నాం.

బ్రిటన్‌లో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ గురించి అడిగితే అందరూ బీబీసీలో వచ్చిన పాఠాల గురించే చెబుతారు. టీవీలో పాఠం కాబట్టి వింతగా ఉండి పేరొచ్చింది. సైన్సు విద్యార్థుల ఇళ్లకి ప్రయోగాల పెట్టెలు పంపేవారు, అదీ బాగానే ఉంది. కానీ ఆ చదువుకి వెన్నెముక వేరే ఉంది. ప్రతి విద్యార్థికీ ఒక ట్యూటర్ ఉండేవారు. రాసి పంపినదాన్ని ఆయన చదివి, మార్జిన్‌లో వ్యాఖ్యలు రాసి, తిరిగి పంపేవారు. అక్కడ దిద్దడం కూడా పాఠం చెప్పడంలో భాగమే. చాలాచోట్ల జనం టీవీని కాపీ కొట్టారు గానీ ట్యూటర్‌ని వదిలేశారు. టీవీ కొంటే ఫొటో దిగొచ్చు, మార్జిన్‌లో రాసినదానికి ఫొటో ఎవరు తీస్తారు!

2012 ప్రాంతంలో పెద్దపెద్ద విశ్వవిద్యాలయాల కోర్సులు ఇంటర్నెట్‌లో ఉచితంగా వచ్చాయి. లక్షలమంది చేరారు. చేరినవాళ్లలో పది శాతం కూడా పూర్తి చేయని కోర్సులే ఎక్కువ. పాఠాల్లో లోపం లేదు. ఆగిపోయినవాడిని ‘ఏమైంది నాయనా’ అని అడిగే మనిషి లేడు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. స్టడీ సెంటర్‌లో పాఠాలు చెప్పి అసైన్‌మెంట్లు దిద్దే కౌన్సెలర్‌గా చేరిన కొత్తలో నేను కట్టలు కట్టలుగా టిక్కులు పెట్టేవాణ్ణి. పేజీలు లెక్కపెట్టుకోవడం, పదికి ఆరో ఏడో వేసెయ్యడం, అంతే. ఒక ఆదివారం కాంటాక్ట్ క్లాసుకి, అంటే సెంటర్‌లో ముఖాముఖి జరిగే క్లాసుకి, వచ్చిన కుర్రాడి అసైన్‌మెంట్ ఎందుకో చదివాను. ‘జాతీయాదాయాన్ని కొలిచే పద్ధతులు’ ప్రశ్న. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దింపేశాడు. మధ్యలో ‘కింది పటం చూడండి’ అని కూడా రాశాడు, పటం మాత్రం లేదు.

‘‘పటం ఏదయ్యా?’’ అన్నాను.

‘‘మీరు చదువుతారనుకోలేదు సార్.’’

వెటకారం లేదు ఆ గొంతులో. ఉన్న మాట అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మార్కు వేయకుండా కింద ఒక ప్రశ్న రాసి కాగితం వెనక్కిచ్చాను. ‘మీరు అమ్మకుండా ఇంటికి ఉంచుకునే ధాన్యం ఈ లెక్కలోకి వస్తుందా, రాదా?’ పదిహేను రోజులకి రెండు పేజీలు రాసుకొచ్చాడు. వస్తుంది, దానికి ఒక విలువ కట్టి కలుపుతారని సరిగ్గానే పట్టుకున్నాడు. చివర తనే నన్ను అడిగాడు: ‘మరి అమ్మ ఇంట్లో చేసే చాకిరీ ఎందుకు కలపరు సార్?’ అర్థశాస్త్రంలో పెద్దపెద్దవాళ్లు వాదించుకున్న ప్రశ్న అది. నాలుగు వాక్యాల్లో జవాబు రాయడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

ఆన్‌లైన్ వద్దనడం లేదు. ఫీజు కట్టడం, హాల్‌టికెట్ తీసుకోవడం ఫోన్‌లో అయిపోతే ఒక రోజు కూలి మిగులుతుంది. కానీ ఇంట్లో ఒక్కటే ఫోన్ ఉంటే అది ముందు అన్న చేతికే వెళ్తుంది, చెల్లెలికి రాత్రి పదింటికి దొరుకుతుంది. అందుకే అచ్చు పుస్తకం ఆపకండి. నాట్లు, కోతలు ముమ్మరంగా సాగే వారాల్లో గడువులు పెట్టకండి. గుర్తింపు ఉందో లేదో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) జాబితాలో చూసుకున్నాకే చేరమని పిల్లలకి చెప్పండి. గుర్తింపు ఉంటే ఈ డిగ్రీ కాలేజీ డిగ్రీతో సమానమని కూడా చెప్పండి, ఆ సంగతి వాళ్లకి చాలామందికి తెలియదు.

డబ్బు సంగతికొస్తే, కొత్త స్టూడియోకి మంజూరైనంత తేలిగ్గా కౌన్సెలర్ గంటలకి మంజూరు కాదు. ఒక్కో అసైన్‌మెంట్‌కి ఇచ్చే పారితోషికం చూస్తే, శ్రద్ధగా చదివినవాడే నష్టపోతాడు. టిక్కులు పెట్టేవాళ్లని తిట్టి లాభం లేదు. నేనూ పెట్టినవాణ్ణే. దిద్దిన కాగితం నెలలోపు విద్యార్థి చేతికి చేరిందా అనేది ఏ నివేదికలోనూ ఒక గడిగా కూడా లేదు. ముందు ఆ గడి పెట్టించండి.

ఈ సంచిలో నలభై అసైన్‌మెంట్లున్నాయి. పేరున్న మొదటి పేజీలు తీసేశాను. టీ విరామంలో తలా ఒకటి తీసుకోండి. మార్కు వేయొద్దు, మార్జిన్‌లో రెండు వాక్యాలు రాయండి చాలు. పెన్నులు నేనే తెచ్చాను.