కోరంగికి టిఫిన్ చేసి పోతే పిట్టలెందుకు కనిపియ్యవు?

[పాకాల చెరువు కట్ట మీద. వెనుక నీళ్ళు. గాలి చప్పుడు ఉంటది, ఉండనియ్యి.]

నమస్తే. ఈ వీడియో జర కోపం మీద చేస్తున్న, ముందుగాల్నే చెప్తున్న.

సెలవులు రాంగనే మన వరంగల్, కరీంనగర్ దిక్కు నుంచి సముద్రం కాడికి పోయేటోళ్ళు ఎక్కువైండ్రు. కాకినాడ కోరంగి, బాపట్ల సూర్యలంక, బందరు మంగినపూడి. మస్తు సంతోషం. కెమెరాలు కొంటున్నరు, బైనాక్యులర్లు కొంటున్నరు. తిరిగొచ్చినంక నాకు మెసేజ్ పెడ్తరు: "అన్నా, నువ్వు చెప్పినవని పోయినం. ఒక్క పిట్ట లేదు, ఒక్క ఎండ్రికాయ లేదు, ఉత్త నీళ్ళే. దీనికన్న మన పాకాల నయం."

ఎన్ని గంటలకు పోయిండ్రు అని అడుగుత. "హోటల్ల టిఫిన్ చేసి పోయినం." ఇంకొందరు జర హుషారు. "ఆరింటికే పోయినం అన్నా, తెల్లారంగనే పిట్టలు కనిపిస్తయని నువ్వే చెప్పినవ్ గదా!" చెప్పిన. ఏటూరునాగారం అడవికి చెప్పిన, కవ్వాల్‌కు చెప్పిన. సముద్రానికి చెప్పలే. అడవిల పిట్ట పొద్దు చూసి లేస్తది. సముద్రం ఒడ్డున బురదల మేసే పిట్టకు పొద్దుతోని పెద్దగ పని లేదు, దానికి నీళ్ళు ఎప్పుడు పోతయన్నదే లెక్క. అర్ధరాత్రి నీళ్ళు పోతే అర్ధరాత్రే మేస్తది.

ఇది మనకెందుకు ఎక్కదంటె మనం చెరువు మనుషులం. ఎక్కియ్యాలంటె గూడ చెరువే కావాలె.

[కెమెరా నీళ్ళ దిక్కు తిప్పు.]

కాకతీయుల నాటి ఈ పాకాలనే చూడుండ్రి. వానలు మంచిగ కొడితే ఆగస్టు, సెప్టెంబరుల మత్తడి దుంకుతది. కట్ట దాక నీళ్ళే. అప్పుడు ఇక్కడ ఏముంటయి? నీటికాకులుంటయి, బుడబుంగలుంటయి. మునిగేటియి, తేలేటియి. నడిచి మేసే పిట్టకు కాలు పెట్ట జాగ ఉండదు. ఇగ యాసంగికి తూము ఇడుస్తరు. నీళ్ళు ఎనుకకు జరుగుతుంటె శిఖం, అంటె నీళ్ళ కిందున్న చెరువు నేల, బయటపడుతది. మార్చి, ఏప్రిల్ల ఆ తడి శిఖం మీద గుల్లకొంగ నత్తలు ఏరుకుంటది, పొట్టి ఉల్లంకి నడుము ఊపుకుంట అంచు పొంటి ఉరుకుతది, తీతువు మనల్ని చూసి లొల్లి పెడుతది. నెలల తరబడి నీళ్ళ కింద నానిన బురదల పురుగు, నత్త అన్నీ పెరిగి ఉన్నయి. నీళ్ళు పోంగనే పిట్టలకు బువ్వ పెట్టినట్టయింది.

పాకాలకు నిండెటందుకు, ఎండెటందుకు ఏడాది పడుతది. ఇదే చెరువు ఆరు గంటలల్ల ఎండి, మళ్ళ ఆరు గంటలల్ల నిండితే? మన తూర్పు తీరం ఒడ్డు అట్లనే ఉంటది. పోటుకు మత్తడి, ఆటుకు శిఖం. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటుకు, ఆటుకు నడుమ సుమారు 6 గంటల 12 నిమిషాలు.

మరి మావోళ్ళు టిఫిన్ చేసి పోయింది ఎప్పుడు? మత్తడి దుంకేటప్పుడు. మత్తడి దుంకే చెరువుకాడికి పోయి శిఖంల పిట్టలు లేవంటె నేనేం చెయ్యాలె?

చంద్రుడు గుంజుతడు, నీళ్ళు లేస్తయి, ఆ బొమ్మ స్కూల్ల అందరు గీసిండ్రు, మళ్ళ గియ్య. ఒక్క ముచ్చట మాత్రం పట్టుకోవాలె. భూమి ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి చంద్రుడు గూడ ఇంత ముందుకు జరిగి ఉంటడు. ఆయన్ను మళ్ళ అందుకోవాలంటె ఇంకో 50 నిమిషాలు కావాలె. అందుకే పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగ వస్తది.

[స్క్రీన్ మీద క్యాలెండర్ పేజీ.]

ఈ 50 నిమిషాలు ఏం చేస్తదో చూడుండ్రి. మీరు పోయే రేవుల పున్నమి నాడు పొద్దున 9కి పోటు అనుకుందాం. ఊరికే లెక్క కోసం అంటున్న, ప్రతి రేవుకు దాని గంట దానికుంటది. రోజుకు 50 నిమిషాల చొప్పున ఏడు రోజులకు ఎంతైంది? 350 నిమిషాలు, ఇంచుమించు ఆరు గంటలు. అంటె అష్టమి వచ్చేసరికి పోటు మధ్యాహ్నం 3కి పోతది, పొద్దున 9కి ఆటు ఉంటది. మొత్తం తలకిందులు! ఇంకో వారానికి అమావాస్య వస్తది, పోటు తిరిగి 9 కాడికే వస్తది. పున్నమికి ఏ గంటనో అమావాస్యకు గూడ దాదాపు అదే గంట.

అందుకే ఒకాయన పోయి "కోరంగి అద్భుతం" అంటడు, ఆయన బామ్మర్ది వారం తర్వాత అదే టిఫిన్ తిని అదే టైంకు పోయి "ఏం లేదు బావా" అంటడు. ఇద్దరు నిజమే చెప్తున్నరు. మన గోడ మీద తిథుల క్యాలెండర్ పెండ్లి ముహూర్తాలకే అనుకుంటున్నం, సముద్రం కాడికి పోయేటోనికి దాన్ని మించిన యాప్ లేదు.

తిథితోని ఇంకో లాభం ఉన్నది. పున్నమి, అమావాస్య, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు, సముద్రం చెరువు మత్తడి దాక నిండుతది, అడుగు దాక ఎండుతది. అష్టమి దిక్కు నిండీ నిండక, ఎండీ ఎండక నడుమల ఆడుతది. శిఖం పెద్దగ కావాలంటె పున్నమినో అమావాస్యనో పట్టుకోవాలె.

కాకినాడ, విశాఖ దిక్కు పెద్ద పోటుకు, పెద్ద ఆటుకు నీటిమట్టంల తేడా మీటరున్నర లోపే. గుజరాత్ భావనగర్ దిక్కు 10 మీటర్లు దాటుతది, నిజానికి ఈ వీడియో వాళ్ళు చెయ్యాలె. అయితే మీటరున్నర అంటె ఏముంది అనకుండ్రి. పాకాల శిఖంల దున్నిన రైతునడగండ్రి. వాలు తక్కువున్న జాగల మీటరు నీళ్ళు తగ్గితే ఎంత భూమి తేలుతదో ఆయన చెప్తడు. కాకినాడ దగ్గర గోదావరి వేల ఏండ్ల సంది ఒండ్రు తెచ్చి పరిచింది. ఆడ వాలు అంతంతే. అందుకే చూపు ఆనినంత దూరం బురద.

ఆ బురదల ఏమున్నదో దగ్గరికి పోయి చూద్దాం.

[కోరంగిల తీసిన వీడియో ముక్క.]

ఇది కోరంగి అభయారణ్యం, 1978ల పెట్టిండ్రు, 235 చదరపు కిలోమీటర్లు. మడ అడవుల నడుమ చెక్క బాట. ఈ బాట మీద ఆటుకు నడవాలె. ఎందుకో చూడుండ్రి.

ఈ ఎండ్రికాయ పొడుగు నా బొటనేలు గోరంత. మగది. ఒక డెక్క తన ఒంటంత ఉన్నది, ఇంకోటి చిన్నది. పెద్ద డెక్క తిండికి పనికిరాదు. చిన్న దానితోనే బురద ఎత్తి నోట్ల పెట్టుకుంటది, అండ్ల పనికొచ్చేది వడగట్టుకొని మిగిలింది చిన్న ఉండ చేసి బయట పెడుతది. బొక్క చుట్టు ఆ ఉండలు కనిపిస్తున్నయా? గిదంత ఒక్క ఆటుల తిన్న తిండి. మరి పెద్ద డెక్క? పైకి లేపుతది, దించుతది, ఆడదాన్ని పిలుస్తది, పక్క మగదాన్ని బెదిరిస్తది. మన నీడ పడంగనే అన్నీ బొక్కలల్లకు ఉరుకుతయి. అప్పుడు చెయ్యాల్సింది ఏందంటె, ఏం చెయ్యకుండ నిలబడుడు. కొద్దిసేపట్ల ఒకటి తొంగి చూస్తది, తర్వాత బురద మొత్తం డెక్కలు ఊపుడు షురూ అయితది. మనోళ్ళు ఆ కొద్దిసేపు ఆగరు. సెల్ఫీ దిగి ముందుకు పోతరు.

ఇది చేప. అవును, బురద మీద కూసున్నది చేపనే. మడ్‌స్కిప్పర్ అంటరు. కండ్లు నెత్తి మీదున్నయి, ముందటి రెక్కల మీద ఊతం పెట్టి పాకుతది. తోలు తడిగ ఉన్నంతసేపు తోలుతోని గూడ ఊపిరి పీల్చుకుంటది. అందుకే మధ్యమధ్యల పక్కకు బొర్లి ఒళ్ళు తడుపుకుంటది, చూడుండ్రి, ఇప్పుడే బొర్లింది. మన చెరువు చేప నీళ్ళు పోతే కొట్టుకుంటది. ఇదేమో నీళ్ళు పోయినంకనే తిరుగుడు పెడుతది.

బావురు పిల్లి కనిపిస్తదా అని అందరడుగుతరు. కోరంగిల ఉన్నది, నిజం. ఎక్కువ రాత్రిపూట తిరుగుతది. దాని కోసమే పోతే ఉత్త చేతులతోని వస్తరు. ఎండ్రికాయలను సరిగ చూడనోళ్ళకు బావురు పిల్లి ఎందుకని నాకనిపిస్తది. తిడితే తిట్టుండ్రి.

ఇగ పిట్టలు. ఈడ ఒక మెలిక ఉన్నది, వినుండ్రి. ఎండ్రికాయలకు ఆటు కావాలె అన్న గదా, అట్లనే ఉల్లంకులకు గూడ నిండు ఆటుకు పోతే మళ్ళ మోసపోతరు. మే నెల పాకాల యాదికి తెచ్చుకోండ్రి. నీళ్ళు యాడనో నడుమకు పోతయి, పిట్టలు నీళ్ళ అంచు పొంటి పోతయి, కట్ట మీదున్న మనకు చుక్కల్లెక్క కనిపిస్తయి. సముద్రంల గూడ అంతే, అంచు దూరం పోతే పిట్టలు దూరం పోతయి. అందుకని ఆటు అయిపోయి పోటు లేస్తున్నప్పుడు ఒడ్డున కూసోవాలె. పోటు నిండుకు రెండు గంటల ముందు మంచి టైం. నీళ్ళే పిట్టలను నెట్టుకుంట మీ కాడికి తెస్తయి. మీరు నడిచే పనే లేదు.

అట్ల దగ్గరికి వచ్చినప్పుడు ముక్కులు చూడుండ్రి. పొట్టి ముక్కు ప్లోవర్లు నాలుగడుగులు ఉరికి, ఆగి, కంటికి కనిపించిన పురుగును ఏరుకుంటయి. గాడ్విట్ పొడుగు ముక్కును మొదలు దాక బురదల దింపుతది. కంటితోని పనే లేదు, ముక్కు కొసకే పురుగు కదులుడు తెలుస్తది. కర్లూ ముక్కు కొడవలి తీరు వంగి ఉంటది, లోతు బొక్కల్ల ఎండ్రికాయను గుంజుతది. ఒకే బురద, ఒక్కో లోతుల ఒక్కొక్కరి వాటా. అందుకే ఇన్ని రకాలు పక్కపక్కనే మేస్తయి.

పోటు పూర్తిగ నిండితే ఇవన్నీ ఇసుక దిబ్బల మీదనో ఉప్పు మడులల్లనో గుంపుగ కూసుంటయి. ఒంటి కాలి మీద నిద్ర. మళ్ళ ఆటు దాక అంతే.

[గడియారం చూసుకుంట.]

అయ్యో, ఎండ్రికాయకే సగం టైం పోయింది. మిగిలినయి గబగబ చెప్త.

ఒకటి, లేపకుండ్రి. గుంపు ఎగిరితే ఫోటో మస్తు వస్తదని రాళ్ళు ఇసిరెటోళ్ళను చూసిన, డ్రోన్ ఎగరేసెటోళ్ళను చూసిన. ఈ పిట్టలు సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాక ఈడ ఉండి, తర్వాత కొన్ని సైబీరియా దాక పోతయి. ఆ పయనానికి కొవ్వు ఈ బురదలనే పట్టాలె. ఊకె ఎగిరిస్తే అది కరుగుతది.

రెండు, బురదలకు దిగకుండ్రి. చెరువు లెక్క ఈడ సరిగ రాదు. చెరువు నీళ్ళు ముందటి నుంచే వస్తయి. సముద్రం నీళ్ళు పాయల పొంటి మన ఎనుక నుంచి గూడ వస్తయి, ముందటి దిబ్బ చూసుకుంట నిలబడితే వచ్చిన తొవ్వ మునుగుతది. ఊరి మత్స్యకారులు వద్దంటె వద్దు, మాట్లాడకుండ ఎనుకకు రావాలె.

కోరంగిల పడవ ఎక్కాలంటె నీళ్ళుండాలె, ఎండ్రికాయలు చూడాలంటె నీళ్ళు పోవాలె. రెండూ ఒకే గంటల కావు. ఆటుకు చెక్క బాట, పోటుకు పడవ.

కాకినాడ దిక్కు ఇసుక దిబ్బల మీద చలికాలం ఇండియన్ స్కిమ్మర్లు దిగుతయి. కింది ముక్కు పైదానికన్న పొడుగు, నోరు తెరిచి నీళ్ళను కోసుకుంట ఎగురుతది. ప్రపంచం మొత్తంల గూడ తక్కువగనే మిగిలిన పిట్ట. దూరం నుంచి చూసి రాండ్రి.

పులికాట్‌ల ఫ్లెమింగోలకు ఈ ఆటుపోట్ల లెక్క అంతగ పనికిరాదు. అది ఉప్పుకయ్య, అంటె సముద్రం పక్కన ఉప్పు నీళ్ళ సరస్సు, నీళ్ళ లోతు ఎక్కువగ వానలను బట్టి ఉంటది. దానికి వేరే వీడియో చేస్త.

తాబేళ్ళు. జనవరి నుంచి మార్చి దాక ఆలివ్ రిడ్లేలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఒక్కొక్కటి 100 దాక గుడ్లు పెడతయి. పోటు నీళ్ళు అందని ఎత్తుకు ఎక్కి గుంత తవ్వుతయి, నీళ్ళల్ల మునిగితే గుడ్లు పాడైతయి గదా. చెరువు ఎఫ్‌టీఎల్ల, అంటె చెరువు నిండితే నీళ్ళొచ్చే జాగల, ఇండ్లు కట్టే మనోళ్ళకన్న తాబేలు నయం. పిల్లలు బయటికొచ్చినంక వెలుగున్న దిక్కు పోతయి, చీకట్ల సముద్రం దిక్కే వాటికి వెలుగు. మీరు సెల్ ఫోన్ లైట్ కొడితే మీ దిక్కు వస్తయి. లైట్ వద్దు, ఫ్లాష్ అసలే వద్దు. ఫారెస్టోళ్ళ పర్మిషన్ లేకుండ పోవద్దు.

గంటలు యాడ చూడాలంటరా? సముద్రం సంగతులు చెప్పే ఇన్‌కాయిస్ ఆఫీసు యాడున్నదో తెలుసా? మన హైదరాబాద్, ప్రగతినగర్‌ల! రేవుల వారీగ పోటు, ఆటు టైములు వాళ్ళ వెబ్‌సైట్ల పైస ఖర్చు లేకుండ దొరుకుతయి. ఆటు పగటి పూట పడుతున్నదా, మబ్బుల పడుతున్నదా అన్నది తప్పక చూసుకోండ్రి, చీకట్ల ఆటు పడితే మనకేం లాభం లేదు.

టైములు ముందే తెలుస్తయి కాబట్టి టికెట్ గూడ దాన్ని బట్టే తియ్యొచ్చు. వరంగల్ల రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి కాకినాడ. బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తరు. చలికాలం శనివారాలకు స్లీపర్ ఊకెనే నిండుతది, ఆదివారం పున్నమి పడ్డదంటె తెరిసిన రోజే తియ్యుండ్రి.