కాల్చే వెలుగు, చెక్కే వెలుగు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఇవాళ నాతో అక్క ఉంది. కంటి లేజర్లు, చర్మం లేజర్లు రెండూ సర్వీస్ చేసే ఇంజనీర్. అక్కా, కళ్లద్దాలు పోవడానికీ 'లేజర్ చేయించుకున్నా' అంటాం, పచ్చబొట్టు పోవడానికీ అదే అంటాం. రెండూ ఒకటేనా?

అక్క: పేరొక్కటే. కొడవలీ ఇనుమే, మంగలి కత్తీ ఇనుమే అన్నట్టు. ఏ వెలుగు, ఎంతసేపు, దాన్ని ఒంట్లో ఏది పీల్చుకుంటుంది... ఈ మూడూ మారితే పనే మారిపోతుంది.

హోస్ట్: సరే, ముందు కన్ను. నేను పోయినేడు చేయించుకున్నాను కదా, నన్నడిగితే అది కాల్చడమే. జుట్టు కాలిన వాసన ముక్కుకి బాగా తెలిసింది. టకటకటక అని చప్పుడు, పైన ఒక చుక్క వెలుగు, ఆ వాసన. భయమేసింది.

అక్క: అందరూ ఆ వాసన గురించే అడుగుతారు. కానీ అక్కడ కాలడం లేదు. అది ఎక్సైమర్ లేజర్, 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. ఆ అంకె వెలుగు అల పొడవు, అదే ఏ వెలుగో చెబుతుంది. నీకు కనిపించిన చుక్క గురి చూడ్డానికి పెట్టింది. అసలు పని చేసే కాంతి కంటికి ఆనదు. దాని ఒక్కో ఫోటాన్‌కి, అంటే వెలుగు రేణువుకి, కార్నియాలోని, అంటే కంటి ముందుండే పారదర్శక పొరలోని, అణువుల బంధాల్ని తెంచేంత శక్తి ఉంటుంది. పైపొర ముక్కలై ఆవిరిలా ఎగిరిపోతుంది, వేడిలో చాలా భాగం దాంతోపాటే పోతుంది. ఆ ఎగిరిన ముక్కల వాసనే నీకొచ్చింది.

హోస్ట్: ఒక్కో దెబ్బకి ఎంత పోతుంది?

అక్క: మైక్రాన్‌లో నాలుగో వంతు, సుమారుగా. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్లు అనుకో, లెక్క వేసుకో. దీన్ని కనిపెట్టినవాళ్లలో మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ గారున్నారు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషం. 1981 నవంబర్, అమెరికాలో ఐబీఎం పరిశోధనశాల. థాంక్స్‌గివింగ్ అనే అమెరికా పండగ విందులో మిగిలిన టర్కీ కోడిని ల్యాబ్‌కి పట్టుకెళ్లారు. ఆయనా, జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ కలిసి దాని మీద రెండు లేజర్లు వేసి చూశారు. ఆకుపచ్చ లేజర్ పడినచోట మాడింది. ఎక్సైమర్ పడినచోట ఉలితో తీసినట్టు శుభ్రంగా గాడి. తర్వాత ఒక్క వెంట్రుక మీద గాట్లు చెక్కి ఫోటో తీశారు. గాటు అంచు ఎక్కడా కమలలేదు. 1983లో స్టీఫెన్ ట్రోకెల్ అనే కంటి డాక్టర్‌తో కలిసి కార్నియా మీద చూశారు.

హోస్ట్: చెక్కితే చూపెలా మారుతుంది?

అక్క: మైనస్ పవర్ ఉన్న కన్ను వెలుగుని రెటీనాకి, అంటే కంటి వెనకున్న తెరకి, ముందే కలిపేస్తుంది. కార్నియా మధ్యభాగాన్ని కాస్త చదును చేస్తే ఆ వెలుగు వెనక్కి జరిగి రెటీనా మీద పడుతుంది. ఆరు మిల్లీమీటర్ల వెడల్పున చెక్కాలంటే, ఒక్కో డయాప్టర్‌కి, అంటే ఒక్కో పాయింట్ పవర్‌కి, దాదాపు 12 మైక్రాన్లు తీయాలి. మైనస్ 5 అయితే 60. కార్నియా మందమే సగటున 540. లేసిక్ అనే ఈ ఆపరేషన్‌లో చెక్కేముందు మూతలా పైకెత్తే పొర, ఫ్లాప్ అంటారు, దానికి ఓ 110 పోతుంది. అడుగున కనీసం 250 మిగలాలి, చాలామంది డాక్టర్లు 300 దాకా ఉంచుతారు. పల్చటి కార్నియా, పెద్ద పవర్... ఆ జోడీ దొరికితే తర్వాత కార్నియా ముందుకి ఉబ్బుకొచ్చే ప్రమాదం ఉంది. అందుకే 'మీకు కుదరదు' అని చెప్పి పంపేసే డాక్టర్ అంటే నాకు గౌరవం.

హోస్ట్: సెంటు రాసుకుని రావద్దన్నారు నన్ను.

అక్క: ఆ ఆవిరి గాల్లో ఉంటే కిరణం దార్లోనే కొంత పోతుంది. గదిలో తేమ ఎక్కువైనా లెక్క తేడా వస్తుంది. అందుకే పేషెంట్లు రాకముందే ప్లాస్టిక్ పలక మీద కొట్టి, లోతు కొలిచి చూస్తాం. నీ కంటికి ముందు ఒక పలక బలైందన్నమాట.

హోస్ట్: మరి ఫ్లాప్ కోసేది వేరే లేజర్ అట కదా?

అక్క: ఫెమ్టోసెకండ్ లేజర్. ఊహకందనంత పొట్టి పల్స్‌లు, అంటే వెలుగు దెబ్బలు, కొడుతుంది. దాని వెలుగు కార్నియాలోంచి గాజులోంచి వెళ్లినట్టు వెళ్లిపోతుంది, గురిపెట్టిన లోతులో మాత్రం సూక్ష్మమైన బుడగ పుట్టిస్తుంది. అలాంటి బుడగలు వేలకొద్దీ పక్కపక్కన పేరిస్తే పొర విడిపోతుంది. ఇంత పొట్టి పల్స్‌ని ఇంత బలంగా తయారుచేసే ఉపాయం 1985లో డోనా స్ట్రిక్లాండ్, జెరార్ మురూ చెప్పారు. 2018లో నోబెల్ వచ్చింది.

హోస్ట్: చర్మానికొద్దాం. అక్కడ కాల్చడమేనా?

అక్క: అక్కడ వేడే పనిముట్టు. కాకపోతే ఎవరికి వేడి తగలాలో ఎంచుకోవాలి. 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ ప్యారిష్ దాని సూత్రం రాశారు. రక్తం ఒక రంగు కాంతిని పీల్చుకుంటుంది, చర్మానికీ జుట్టుకీ రంగునిచ్చే మెలనిన్ ఇంకోదాన్ని, నీరు ఇంకోదాన్ని. దీపం మంటలోంచి వేలు చటుక్కున లాగేస్తే కాలదు చూడు, అలాగే వేడి పక్కకి పాకేలోపు పల్స్ ఆగిపోవాలి. రక్తనాళానికి మిల్లీసెకన్లు చాలు. పచ్చబొట్టు సిరా రేణువు మరీ చిన్నది, దానికి అంతకన్నా ఎంతో పొట్టివి, నానోసెకన్లు, పికోసెకన్లు కావాలి. రేణువు పగులుతుంది, ఆ ముక్కల్ని ఒంట్లోని కణాలు మెల్లగా మోసుకుపోతాయి. సిట్టింగ్‌కీ సిట్టింగ్‌కీ మధ్య వారాల గ్యాప్ అందుకే.

హోస్ట్: మొటిమల గుంటలకి?

అక్క: నీటిని పట్టుకునే లేజర్, కార్బన్ డయాక్సైడ్‌ది, 10,600 నానోమీటర్లు. ముందు మొహం మొత్తం ఒలిచేసేవాళ్లు, మానడానికి చాలా బాధ. 2004 నుంచి ఫ్రాక్షనల్ పద్ధతి వచ్చింది. జల్లెడ చిల్లుల్లా సన్నటి గాట్లు, మధ్యలో ముట్టుకోని చర్మం. ఆ మంచి చర్మమే పక్కనున్న గాయాన్ని పూడ్చుతుంది. చర్మానికి బిగువునిచ్చే కొత్త కొల్లాజెన్ నెలల తరబడి వస్తూనే ఉంటుంది.

హోస్ట్: మా చిన్నమ్మ కూతురికి వెంట్రుకలు తీయించుకుంటే దవడ మీద నల్లమచ్చలు పడ్డాయి. ఏడాది పట్టింది పోవడానికి.

అక్క: పాపం. ముదురు రంగు చర్మంలో పైపొరలోనే మెలనిన్ ఎక్కువ. వెంట్రుక కుదురుకి చేరాల్సిన వెలుగుని అదే ముందు తాగేస్తుంది. 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ అనే లేజర్ మెలనిన్‌ని తక్కువ పట్టించుకుని లోతుకి పోతుంది, ఇలాంటి చర్మానికి అది నయం. ముందు ఒక చిన్న చోట వేసి, కొన్నాళ్లు ఆగి చూడమని అడగాలి. అడిగితే విసుక్కునేచోట చేయించుకోవద్దు.

హోస్ట్: కళ్లకి ఇచ్చే ఆ నల్లటి గాగుల్స్?

అక్క: అవి ఏ నానోమీటర్ల కాంతిని ఆపుతాయో వాటి మీద అంకెలు ముద్రించి ఉంటాయి, చదువు. ఇందాక నయమన్నానే, ఆ 1064 కాంతి కంటికి కనిపించదు. కార్నియా, లెన్స్ రెండూ దాన్ని ఆపకుండా లోపలికి పంపిస్తాయి, పైగా రెటీనా మీద సూదిమొనంత చుక్కగా కూడగడతాయి. 755 నానోమీటర్ల లేజర్‌కి చేసిన గాగుల్స్ పెట్టుకుని 1064 ముందు కూర్చుంటే ఏమీ పెట్టుకోనట్టే. మిషన్ మీద ఉన్న అంకె, గాగుల్స్ మీద ఉన్న అంకె కలిశాయో లేదో చూసుకుని, అప్పుడు కళ్లు మూసుకో.