తుంబా కొన్న తర్వాత

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది ఆర్కెస్ట్రాల్లో వాయిస్తున్నవాళ్ళే. కాబట్టి తాళాల జోలికి వెళ్ళను. ప్రోగ్రాం అయిపోయాక డ్రమ్ము గతేమిటన్నదే ఇవాళ్టి విషయం. మన పాటకచేరీల్లో తుంబా అంటున్న కాంగా, అంటే అరచేతులతో వాయించే ఆ పొడుగాటి డ్రమ్ము గానీ, జంటగా ఉండే చిన్న బాంగోలు గానీ, పుల్లలతో వాయించే టింబాలీలు గానీ, వేలకు వేలు పోసి కొంటాం. వాయించాక కవర్లో పెట్టి జిప్పు లాగేస్తాం. కొన్నాళ్ళకి చెక్క పగిలిందనీ, తోలుని పట్టి ఉంచే రిమ్ము వంకరపోయిందనీ కంపెనీవాణ్ణి తిడతాం. చాలాసార్లు పాపం వాడి తప్పేమీ ఉండదు. బిగించిన తోలుని బిగించినట్టే వదిలేసి మనమే తెచ్చుకున్న రోగం అది.

ఇది అర్థం కావాలంటే ఒకసారి క్యూబా వెళ్ళిరావాలి. అక్కడ మన తుంబాని తుంబదోరా అంటారు. పీపా చేసినట్టే చెక్క పలకలు పక్కపక్కన అతికించి, పైన తోలు పరిచి చుట్టూ మేకులు కొట్టేవారు. నట్లు లేవు, హుక్కులు లేవు. శ్రుతి దిగితే మంట చూపించడమే. మన డప్పు కళాకారులు చేసేదీ అదే కదా. తేమ ఆరితే తోలు బిగుస్తుంది, మళ్ళీ తేమ పీల్చుకుంటే వదులవుతుంది. 1940ల చివర్లో ఇనుప రిమ్ములు, హుక్కులు, నట్లు వచ్చి ఈ పద్ధతి మారడం మొదలైంది. ఆ మార్పుకి పేరు ఎక్కువగా హవానాలో పుట్టిన కాంగా వాద్యకారుడు కార్లోస్ వాల్డెస్‌కి దక్కింది. అందరూ ఆయన్ని పటాటో అని పిలిచేవారు. నట్లు వచ్చాక ఒక్కో డ్రమ్మునీ కావలసిన స్వరానికి నిలబెట్టుకోవడం సులువైంది. ఒకే మనిషి మూడు కాంగాలు ముందు పెట్టుకుని రాగం పలికించగలడని క్యూబాకే చెందిన కాండిడో కమేరో చూపించాడు.

ఇందులో ఒక మెలిక ఉంది. మంటతో బిగిసిన తోలు కాసేపటికి తనంతట తానే దిగేది. నట్టుతో బిగించినది మనం దించితే తప్ప దిగదు. రాత్రంతా, వారమంతా ఆ ఐదారు హుక్కులూ రిమ్ముని కిందికి లాగుతూనే ఉంటాయి. ఆ లాగుడంతా ఎవరు మోస్తారు? షెల్‌కి, అంటే డ్రమ్ము డొల్లకి, బిగించి హుక్కుల్ని పట్టి ఉంచే చిన్న చిన్న సైడ్ ప్లేట్లు. వాటి వెనక ఉన్నది అతుకుల చెక్క.

ఇక మన వాతావరణం. జులైలో విశాఖలో సముద్రం గాలికి తోలు మెత్తబడుతుంది. శ్రుతి రావడం లేదని పానా పెట్టి తిప్పుతాం, ఇంకా తిప్పుతాం. మర్నాడు అదే తుంబా హైదరాబాద్‌లో ఏసీ హాల్లో ఉంటుంది. పొడి గాలికి తోలు తేమ వదిలి ముడుచుకుంటుంది. నిన్న మనం బిగించిన బిగింపుకి ఇవాళ దాని బిగింపు తోడు. అప్పుడు పగిలితే తోలు పగలాలి, లేదా అతుకు విడాలి, లేదా సైడ్ ప్లేటు ఊడి రావాలి. తోలు పగిలితే అదృష్టవంతులే, అన్నిటికంటే తక్కువ ఖర్చు అదే.

అందుకే ప్రోగ్రాం అవగానే దించండి. ప్రతి నట్టునీ ఒకే లెక్కన, ఒకటో రెండో చుట్లు. వరసగా గుండ్రంగా వెళ్ళండి. ఒక నట్టుని పూర్తిగా వదిలేసి పక్కదానికి వెళితే రిమ్ము ఒరిగిపోతుంది. ఎన్ని చుట్లు దించారో గుర్తుంటే మర్నాడు అన్నే చుట్లు ఎక్కిస్తే దాదాపు పాత శ్రుతికే వస్తుంది. అలాగని రిమ్ము లొడలొడలాడేంత వదులు చేయకండి. తోలు అంచు దగ్గర పట్టిన ఆకారం పోతుంది. తోలు బదులు రెమో ఫైబర్‌స్కిన్ లాంటి ప్లాస్టిక్ హెడ్లు వాడేవాళ్ళకి ఈ బాధ చాలావరకు లేదు, వాటికి తేమ పట్టదు. ప్రతివారం ఊళ్ళు తిరిగే ఆర్కెస్ట్రాకి నేనైతే ప్లాస్టికే వేసుకోమంటాను. రికార్డింగుకి మాత్రం తోలే. అరచేతి కింద ఆ మెత్తటి బరువైన నాదం ప్లాస్టిక్‌లో నాకు దొరకదు. కాదనేవాళ్ళు మీలో ఉంటారు, ఉండండి.

తోలు మార్చడం చూస్తే భయం గానీ చేస్తే కాదు. కొత్త తోలుని మామూలు నీళ్ళలో, మందాన్ని బట్టి కొన్ని గంటల నుంచి రాత్రంతా నానబెట్టాలి. తొందరపడి వేడినీళ్ళు పోశారో, ముడుచుకుపోయి పనికిరాకుండా పోతుంది. ఆ లోపు షెల్ పై అంచుని వేలితో చుట్టూ తడిమి చూడండి. ఎక్కడైనా గరుకు తగిలితే సన్నటి ఉప్పుకాగితంతో నెమ్మదిగా రుద్దాలి. తోలుని ఇనుప రింగుకి చుట్టి, పైన రిమ్ము పెట్టి, నట్లు చేత్తో అందినంత వరకే తిప్పండి. తర్వాత పానాతో కొంచెం కొంచెం. రిమ్ము చుట్టూ ఒకే ఎత్తులో దిగుతోందా లేదా అని వంగి పక్కనుంచి చూస్తూ ఉండాలి. తడిమీద శ్రుతి కోసం చూడకండి. నీడలో రెండు మూడు రోజులు ఆరనిచ్చి, అప్పుడు రోజుకి కొంచెం ఎక్కించండి. ఎండలో పెట్టినా ఫ్యాను కింద పెట్టినా ఒక పక్క ముందే బిగిసిపోతుంది.

నట్ల సంగతి. చెమట ఉప్పు, సముద్రం ఉప్పు కలిసి క్రోమ్ కింద తుప్పు మొదలుపెడతాయి. వాయించాక పొడిగుడ్డతో రిమ్ము, హుక్కులు తుడవాలి. ఏడాదికోసారి నట్లు విప్పి, మరల్లోని పాత జిడ్డు తీసేసి, కొంచెం గ్రీజు రాయండి. గ్రీజు లేకపోతే వాసెలిన్. డబ్ల్యూడీ-40 కొట్టి సరిపెట్టుకోవద్దు, పట్టేసిన నట్టు విప్పడానికి అది బాగుంటుంది గానీ ఆ జిడ్డు నిలవదు. నట్టు కీచుమంటుంటే బలం పెట్టి తిప్పకండి, మర అరిగిపోతుంది. తోలుకి కొబ్బరినూనె పట్టించేవాళ్ళున్నారు. తోలు మెత్తబడి నాదం మూగబోతుంది, నా మాట విని మానేయండి.

చెక్క గురించి ఒక ముక్క. కంపెనీల క్యాటలాగుల్లో సయామ్ ఓక్ అని చూసి ఓక్ అనుకుంటారు. అది రబ్బరు చెట్టు కలప. పాలు తగ్గిపోయిన చెట్లు కొట్టి వాడతారు. నాదానికి ఏ లోటూ లేదు గానీ పాలిష్ లేచిపోతే తేమ, పురుగు తొందరగా పడతాయి. అందుకే అడుగున రబ్బరు రింగు ఊడితే వెంటనే వేయించండి. నేలమీద ఈడ్చేది ఆ అంచునే.

ఈ డ్రమ్ములు ఇలా దుకాణాల్లోకి రావడం వెనకా ఒక కథ ఉంది. 1962లో అమెరికా క్యూబాతో వ్యాపారం ఆపేసింది. న్యూయార్క్‌లో ఇక క్యూబా బాంగోలు దొరకవు. మార్టిన్ కోహెన్ అనే ఇంజినీరు తనే తయారుచేయడం మొదలుపెట్టి 1964లో ఎల్పీ, అంటే లాటిన్ పెర్కషన్, కంపెనీ పెట్టాడు. అంతకుముందు రిమ్ము అంచు తోలుకంటే పైకి ఉండి అరచేతికి కొట్టుకునేది. అంచుని గుండ్రంగా కిందికి వంచిన రిమ్ము ఆ కంపెనీ తెచ్చింది. ఇవాళ మన వేళ్ళు బతికి ఉన్నాయంటే అందులో దాని వాటా కూడా ఉంది.

టింబాలీల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. లోహపు షెల్, ప్లాస్టిక్ హెడ్. స్టాండు మధ్య బోల్టు వదులైతే మాత్రం పాట మధ్యలో ఒరిగిపోతాయి. బాంగోల్లో రెండింటినీ కలిపే చెక్క దిమ్మ బోల్టులు చూసుకోండి, జరజరమనే చప్పుడు ఎక్కువగా అక్కణ్ణుంచే వస్తుంది.

పాతవి కొనేవాళ్ళు పైన మెరుపు చూడకండి. తుంబాని పడుకోబెట్టి, అడుగునుంచి లోపలికి సెల్‌ఫోన్ లైటు వేయండి. అతుకుల్లో గీతలున్నాయా? సైడ్ ప్లేట్ల వెనక బోల్టుల చుట్టూ చెక్క నొక్కుకుపోయిందా? తర్వాత నిలబెట్టి ప్రతి నట్టూ తిప్పి చూడండి. ఒక్కటి తిరగకపోయినా బేరం తగ్గించండి. అతుకు విడిపోయి ఉంటే మాత్రం ఎంత తగ్గించినా వద్దు.

సరే, మీలో కొందరు డ్రమ్ములు తెచ్చుకున్నారని చెప్పారు. ముందుకి తీసుకురండి, పానా నా దగ్గరుంది. తోలువి ఎవరివో ముందు అవి చూద్దాం.